బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత: చెకప్‌లు మానేస్తే వచ్చే ముప్పు ఏంటి?

బరువు తగ్గే ఆపరేషన్ అయిన ఆరో నెలలో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే. “ముప్పై కిలోలు తగ్గింది. షుగర్ మాత్రలు ఆగాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇంకా డాక్టర్ దగ్గరికి ఎందుకు?” మచిలీపట్నం నుంచో, అవనిగడ్డ నుంచో విజయవాడకు బస్సెక్కి, ఓపీ దగ్గర పూటంతా కూర్చుని, “బాగానే ఉన్నారు” అనే మాట విని తిరిగి రావడం దండగ అనిపిస్తుంది. అలా ఒక చెకప్ మానేస్తారు. ఆ తర్వాత విటమిన్ మాత్రల డబ్బా ఖాళీ అవుతుంది. మళ్లీ కొనరు.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. బేరియాట్రిక్ సర్జరీ తర్వాత ఒంట్లో వచ్చే లోపాలు చాలావరకు నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా వస్తాయి. బరువు చూసే మిషన్ వాటిని చూపించదు, రక్తపరీక్షే చూపిస్తుంది. వాటిలో కొన్ని నెలల తర్వాత బయటపడతాయి, కొన్ని ఏళ్ల తర్వాత. ఒకటి మాత్రం మూడు వారాల్లోనే మనిషిని మంచాన పడేయగలదు. అది కృష్ణా డెల్టాకు కొత్త జబ్బు కూడా కాదు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి సుమారు 36 మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. మగవారిలో ఈ సంఖ్య సుమారు 31. ఆపరేషన్ దాకా వెళ్లేది వీరిలో కొద్దిమందే. కానీ వెళ్లినవారికి ఆ తర్వాతి జీవితం గురించి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఎందుకంటే వంట చేసేది ఒకరు, దావత్‌కు పిలిచేది ఇంకొకరు, వాంతులైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది మరొకరు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

చాలామంది దీన్ని కొవ్వు పీల్చే లైపోసక్షన్‌తో కలిపేస్తారు. రెండూ వేరు. లైపోసక్షన్ చర్మం కింద కొవ్వును తీసే కాస్మెటిక్ చికిత్స. బేరియాట్రిక్ సర్జరీ పొట్ట లోపల జీర్ణాశయం మీద చేసేది.

మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం తీసేసి, అరటికాయలాంటి సన్నని గొట్టాన్ని మాత్రమే ఉంచుతారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుతో కలుపుతారు. తిన్న తిండి పేగులో మొదటి భాగాన్ని తాకకుండా దాటిపోతుంది.

రెండింటిలోనూ ఆకలి పుట్టించే హార్మోన్లు మారతాయి, కొద్దిగా తింటేనే కడుపు నిండుతుంది. షుగర్ ఉన్నవారిలో బరువు బాగా తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుంది. అందుకే ఆపరేషన్ అయిన వెంటనే షుగర్, బీపీ మందుల డోసు మార్చాలి. పాత డోసే కొనసాగిస్తే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. అలాగని సొంతంగా ఆపేయడమూ సరికాదు. మొదటి వారాల్లో చెకప్ ఎందుకంటే ముందు కారణం ఇదే.

ఇక రెండో కారణం. తిండి తగ్గితే కొవ్వు ఒక్కటే కాదు, మాంసకృత్తులు, ఐరన్, విటమిన్లు కూడా తగ్గుతాయి. బైపాస్ అయినవారిలో ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టే పేగు భాగమే పక్కకు తప్పుకుంది. బి12 ఒంటబట్టడానికి జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం కావాలి. ఆ జీర్ణాశయమే చిన్నదైపోయింది. కాబట్టి “మంచి తిండి తింటున్నాం కదా, మాత్రలెందుకు” అనే మాట ఇక్కడ పనిచేయదు.

డెల్టాకు పాత పరిచయమున్న జబ్బు

1835లో మద్రాసులో ఒక వైద్య గ్రంథం అచ్చయింది. రాసింది జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అనే సైనిక వైద్యుడు. విషయం బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, నడక తూలి, ఒళ్లు వాచి, చివరికి గుండె ఆగిపోయే ఆ జబ్బు అప్పట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, ఎక్కువగా కనిపించేది. కారణం ఎవరికీ తెలియదు.

కారణం బి1 విటమిన్ లోపమని తేలడానికి ఇంకో శతాబ్దం పట్టింది. దీన్నే థయమిన్ అంటారు. జావాలో కోళ్లకు పాలిష్ బియ్యం పెట్టి గమనించిన క్రిస్టియాన్ ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. థయమిన్ బియ్యపు గింజ పైపొరలో ఉంటుంది. మిల్లులో బాగా పాలిష్ పట్టిస్తే తవుడుతోపాటు పోతుంది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి అంతగా లేదు. ఎందుకంటే ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడే థయమిన్ గింజ లోపలికి దిగుతుంది. కోస్తా ఆంధ్రలో తినేది పచ్చి ధాన్యం ఆడించిన తెల్లబియ్యం. పైగా బియ్యం నాలుగైదు నీళ్లలో కడగడం, గంజి వార్చి పారబోయడం. మిగిలిన కాస్తా అలా పోయేది.

తిండి మారి, నాలుగు రకాలు తినడం పెరిగాక బెరిబెరి అరుదైపోయింది. కానీ బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత అదే లోపం వేరే దారిలో తిరిగి రావచ్చు. థయమిన్ ఒంట్లో ఎక్కువగా నిల్వ ఉండదు. ఉన్న నిల్వ రెండు మూడు వారాలకు సరిపోతుంది. ఆపరేషన్ అయిన మొదటి మూడు నెలల్లో సరిగ్గా తినలేక, పైగా వాంతులు పట్టుకుంటే, ఆ నిల్వ అయిపోతుంది.

సెలైన్ బాటిల్ పెట్టే ముందు

ఒక సందర్భం అనుకుందాం. ఆపరేషన్ అయి ఆరు వారాలైంది. నాలుగు రోజులుగా వాంతులు. విజయవాడ దూరం, సర్జన్ ఫోన్ ఎత్తలేదు. ఇంట్లోవాళ్లు ఊళ్లోనే ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్లారు. “నీరసంగా ఉంది, ఒక గ్లూకోజు బాటిల్ పెట్టండి” అని వాళ్లే అడిగారు. డెల్టా పల్లెల్లో ఇది రోజూ జరిగేదే. మామూలు మనిషికైతే పెద్ద నష్టం లేదు.

ఈ మనిషికి మాత్రం నష్టమే. ఒంట్లో చక్కెరను శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. థయమిన్ అడుగంటిన ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదరడం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. వైద్యులు దీన్ని వెర్నికీ ఎన్సెఫలోపతి అంటారు. వెంటనే థయమిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలావరకు తిప్పుకోవచ్చు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి, నడక శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

అందుకే ఇంట్లో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన వాక్యం ఇది: “ఈ పేషెంట్‌కు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, గ్లూకోజు పెట్టే ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి.” ఈ మాట డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు. థయమిన్ ఇంజెక్షన్ ఖరీదైన మందు కాదు.

తొందరపడి తినడం వల్ల ఒక్కసారి వాంతి అయితే భయం లేదు. కానీ రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. లోపల దారి సన్నబడి ఉండవచ్చు. అది మాత్రలతో పోయేది కాదు, ఎండోస్కోపీ చేసి చూడాలి.

కొన్ని గుర్తులు ఇంట్లోవాళ్లే ముందుగా పట్టుకోగలరు. నమాజులో సజ్దా నుంచి లేవడానికి కాళ్లు సహకరించకపోవడం, వుజూ చేస్తున్నప్పుడు పాదాలకు నీళ్ల చల్లదనం సరిగా తెలియకపోవడం, చెప్పు జారిపోయినా గమనించకపోవడం, ఇవన్నీ నరాలు దెబ్బతింటున్నాయని చెప్పే లక్షణాలు. “బరువు తగ్గాడు కదా, నీరసం” అని వదిలేయకూడదు.

రోజూ వేసుకోవాల్సినవి

డోసు ఎవరికి ఎంత అనేది రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. అయితే అమెరికాలోని బేరియాట్రిక్ సర్జన్ల సంఘం మార్గదర్శకాల్లో ఉన్న సాధారణ లెక్కలు తెలుసుకుంటే ప్రిస్క్రిప్షన్ అర్థమవుతుంది.

మల్టీవిటమిన్: రోజూ, జీవితాంతం. ఇందులో థయమిన్ కనీసం 12 మిల్లీగ్రాములు ఉండాలి.

బి12: రోజూ నోటి ద్వారా 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకొక ఇంజెక్షన్. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానేసినా మొదట ఏమీ తెలియదు. రెండు మూడేళ్ల తర్వాత రక్తహీనత, అరికాళ్ల మంటలు, మతిమరుపు రూపంలో బయటపడుతుంది.

ఐరన్: నెలసరి వస్తున్న మహిళలకు రోజుకు 45-60 మిల్లీగ్రాములు. దీన్ని చాయ్‌తో వేసుకోకూడదు. టీ ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు.

కాల్షియం: రోజుకు 1200-1500 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా. కాల్షియం సిట్రేట్ అయితే మేలు. ఐరన్‌కు, కాల్షియానికి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

విటమిన్ డి: మొదట్లో రోజుకు సుమారు 3000 యూనిట్లు. ఎండ దండిగా ఉన్న ఊళ్లోనే ఉంటున్నాం కదా అనుకోవద్దు. ఇంటిపట్టున ఉండేవారికి, బయటికెళ్తే ఒళ్లంతా కప్పుకునేవారికి ఆపరేషన్‌కు ముందే ఇది తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

ఇవి నెలనెలా ఖర్చే. ఆపరేషన్ ఖర్చు లెక్కవేసినప్పుడే ఈ ఖర్చూ కలుపుకోవాలి. జన ఔషధి కేంద్రాల్లో జెనరిక్ మాత్రలు దొరికితే బ్రాండ్ కోసం పట్టుబట్టాల్సిన అవసరం లేదు. మోతాదు సరిపోయిందా లేదా ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకుంటే చాలు.

నొప్పి మాత్రల విషయం వేరే చెప్పాలి. మోకాళ్ల నొప్పికి, తలనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, పుండ్లు తెప్పిస్తాయి. రక్తం కారేదాకా పోవచ్చు. పారాసెటమాల్ వాడుకోవచ్చు. సిగరెట్, బీడీ కూడా అవే పుండ్లకు కారణం. మానాల్సిందే.

క్యాప్సూల్ హలాలేనా?

ఈ ప్రశ్న చాలామంది డాక్టర్‌ను అడగరు. అనుమానంతో లోపల్లోపలే మాత్రలు మానేస్తారు. క్యాప్సూల్ పైతొడుగు చాలావరకు జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. ఏ జంతువన్నది డబ్బా మీద అన్నిసార్లూ రాసి ఉండదు.

దీనికి సులువైన దారులున్నాయి. చాలా విటమిన్లు టాబ్లెట్‌గా, నమిలే మాత్రగా, సిరప్‌గా, ఇంజెక్షన్‌గా కూడా దొరుకుతాయి. మొక్కల నుంచి చేసిన తొడుగు ఉన్న వెజ్ క్యాప్సూళ్లూ ఉన్నాయి. ఫుడ్ సప్లిమెంట్‌గా అమ్మే డబ్బా మీద పచ్చచుక్క ఉంటే అది శాకాహారమే. “జెలటిన్ లేనిది రాయండి” అని డాక్టర్‌ను అడిగితే రాస్తారు. అడగకుండా మానేయడమే ప్రమాదం.

పళ్లెంలో ఏముండాలి?

మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తని తిండి. సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది.

ఆ తర్వాత జీవితాంతం వర్తించే సూత్రాలు నాలుగు. మొదట మాంసకృత్తులు, తర్వాత కూర, చివర్లో చోటుంటే అన్నం. ప్రతి ముద్దా బాగా నమలాలి, భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఎడం ఇవ్వాలి. కడుపు నిండిందని తెలిసిన క్షణంలో చెయ్యి కడుక్కోవాలి.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వండిన వంద గ్రాముల చికెన్‌లో పాతిక గ్రాముల దాకా, చేపలో 20 గ్రాముల దాకా ఉంటాయి. కొల్లేరు చెరువుల శీలావతి, బొచ్చె, కొర్రమీను అన్నీ పనికొస్తాయి. వేపుడు కన్నా పలుచని పులుసు మేలు. మటన్ ముక్క గట్టిగా ఉంటే గొంతు కింద అడ్డుపడుతుంది. మెత్తగా ఉడికిన ఖీమా సులువు. పెసరపప్పు, శనగలు, పెరుగు, పనీర్ కూడా లెక్కలోకి వస్తాయి. అన్నం, రొట్టె, బ్రెడ్ కడుపులో ఉబ్బి ఇబ్బంది పెడతాయి కాబట్టి కొద్దికొద్దిగానే.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం చాలామందికి జరుగుతుంది. భయపడి నూనెలు మార్చడం కన్నా మాంసకృత్తులు, ఐరన్ సరిపోతున్నాయా చూసుకోవాలి. చాలామందిలో కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. అవి రాకుండా మొదటి ఆరు నెలలు ఒక మాత్ర రాయవచ్చు. అది కూడా మధ్యలో ఆపకూడదు.

దావత్ సంగతి ఇంటివారి చేతుల్లో ఉంది. వలీమాలో పళ్లెం ముందు కూర్చున్న మనిషికి “ఇంకొంచెం, నా కోసం” అని వడ్డించడం మనకు మర్యాద. ఆపరేషన్ అయినవారికి ఆ ఇంకొంచెమే వాంతి. రెండు ముక్కలు తిని ఆపితే తిండి నచ్చలేదని నొచ్చుకోకూడదు. ఇంటి పెద్ద ఒకరు ముందే నలుగురికీ చెప్పి ఉంచితే ఆ మనిషి సంజాయిషీలు ఇచ్చుకోవాల్సిన పని ఉండదు.

రంజాన్ వస్తే?

మొదటి ఏడాది, ఏడాదిన్నర రోజా ఉండవద్దని సర్జన్లు సాధారణంగా చెబుతారు. దానికి కారణం నీళ్లు. ఒక్కసారిగా గ్లాసెడు నీళ్లు తాగలేని కడుపు అది. రోజంతా గుక్కెడు గుక్కెడుగా ఒకటిన్నర లీటరు తాగాలి. మన ప్రాంతంలో రోజా సుమారు 13 గంటలు. మిగిలిన సమయంలో ఇఫ్తార్, సహర్, తరావీహ్, నిద్ర పోగా, తినడానికీ తాగడానికీ మధ్య అరగంట ఎడాలు పోగా, అన్ని నీళ్లు లోపలికి వెళ్లడం కష్టం. వేసవి రంజాన్ అయితే మరీను.

రోగికి మినహాయింపు దీన్‌లోనే ఉంది. సూరహ్ అల్ బఖరాలోని 184, 185 ఆయతుల్లో అనారోగ్యంతో ఉన్నవారు ఆ రోజాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు, ఇక ఉండలేనివారికి ఫిద్యా గురించి ఉంది. ఖజానా, ఫిద్యానా అన్నది ఎవరి పరిస్థితిని బట్టి వారిది. డాక్టర్ చెప్పిన మాటను తీసుకెళ్లి ముఫ్తీ సాహెబ్‌ను అడగడం సరైన పద్ధతి.

ఏడాదిన్నర దాటి, బరువు నిలకడగా ఉండి, రక్తపరీక్షలు బాగున్నవారు డాక్టర్‌తో మాట్లాడి రోజా ఉండవచ్చు. రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే ఆ మాట జరగాలి. ఇఫ్తార్‌లో ఒక ఖజూర్, కొద్దిగా నీళ్లు, నమాజు తర్వాత మాంసకృత్తులున్న తిండి. హలీమ్ మెత్తగా ఉంటుంది, మాంసం, గోధుమ, పప్పు ఉన్న తిండి కాబట్టి పనికొస్తుంది, కానీ చిన్న కప్పు చాలు, పైన నెయ్యి తీసేసి. షర్బత్, షీర్ ఖుర్మా లాంటి తీపి వల్ల బైపాస్ అయినవారికి గుండె దడ, చెమట, కడుపునొప్పి, విరేచనం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. కాల్షియం ఇఫ్తార్ తర్వాత, ఐరన్ పడుకునే ముందు, మల్టీవిటమిన్ సహర్‌లో అని పంచుకుంటే మాత్రలేవీ తప్పిపోవు. కళ్లు తిరగడం, మూత్రం బాగా తగ్గడం, షుగర్ పడిపోవడం జరిగితే ఆ రోజా విరమించాలి.

పెళ్లి, గర్భం, దాపరికం

పెళ్లీడు అమ్మాయికి ఆపరేషన్ అయితే ఆ సంగతి అత్తింటివారికి చెప్పకుండా ఉంచాలని కొన్ని కుటుంబాలు అనుకుంటాయి. ఎందుకు అనుకుంటాయో అర్థం చేసుకోవచ్చు. కానీ దాని ఫలితం ఏంటంటే, ఆ అమ్మాయి మాత్రలు దాచుకుని వేసుకోవాలి, కుదరకపోతే మానేయాలి. దావత్‌లో తినకపోతే కారణం చెప్పలేదు. వాంతులైతే అందరూ శుభవార్త అనుకుంటారు. అది థయమిన్ లోపానికి దారి తీస్తోందని ఎవరికీ తోచదు. కనీసం భర్తకైనా తెలిసి ఉండాలి.

ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలల వరకు గర్భం వాయిదా వేయాలి. బరువు వేగంగా తగ్గే ఆ కాలంలో తల్లికే పోషకాలు చాలవు. మరో సంగతి, పిల్లలు పుట్టడం లేదని బాధపడుతున్న మహిళల్లో బరువు తగ్గగానే నెలసరి క్రమానికి వచ్చి, అనుకోకుండా గర్భం రావచ్చు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి లేడీ డాక్టర్‌ను అడగాలి.

గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ ఇది. గర్భంలో షుగర్ పరీక్ష కోసం గ్లూకోజు నీళ్లు తాగిస్తారు. బైపాస్ అయినవారికి దానివల్ల డంపింగ్ రావచ్చు. ఆపరేషన్ సంగతి చెబితే డాక్టర్ వేరే విధంగా షుగర్ చూస్తారు.

బరువు మళ్లీ పెరిగితే?

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్నవారిని ఏళ్ల తరబడి గమనించింది. బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున ఒంటి బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే 120 కిలోల మనిషి సుమారు 82కు దిగి, తర్వాత 90 దగ్గర నిలిచినట్టు. కొంత పెరగడం సహజం, అది ఓటమి కాదు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ అయినవారిలో మరణాలు కూడా తగ్గాయి.

అంతకు మించి పెరుగుతుంటే కారణం చాలావరకు గట్టి తిండి కాదు, కడుపులో ఆగకుండా జారిపోయేవి: నాలుగు పూటలా చక్కెర చాయ్, కూల్‌డ్రింక్, షర్బత్, చాయ్‌తోపాటు బిస్కెట్లు, టీవీ ముందు మిక్చర్. నడక మానేయడం రెండో కారణం. బయటికెళ్లడం కుదరని మహిళలు ఫజర్ తర్వాత డాబా మీద అరగంట నడిచినా సరిపోతుంది. కండ కరగకుండా వారానికి రెండు మూడుసార్లు చిన్న బరువులు ఎత్తడం మంచిది.

బరువు పెరిగిందని సిగ్గుపడి డాక్టర్‌కు మొహం చాటేసేవారు చాలామంది. వెళ్లాల్సింది అప్పుడే. డైటీషియన్ సాయం, అవసరమైతే మందులు ఉన్నాయి. 2025 నుంచి మన దేశంలో దొరుకుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లను ఆపరేషన్ అయినవారికి కూడా కొన్నిసార్లు వాడతారు. వాటిని ఎవరో వాడారని సొంతంగా కొనుక్కోకూడదు. అవి ఆకలిని ఇంకా తగ్గిస్తాయి, వాంతులు తెస్తాయి. మళ్లీ థయమిన్ దగ్గరికే వస్తాం.

చెకప్ ఎప్పుడెప్పుడు?

మొదటి నెలలో సర్జన్ చెప్పిన తేదీల్లో. తర్వాత మూడో నెల, ఆరో నెల, ఏడాదికి. ఆ పైన ఏటా ఒకసారి, జీవితాంతం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, అల్బుమిన్, షుగర్, కాలేయం, కిడ్నీ పరీక్షలు ఉండాలి.

ప్రతిసారీ విజయవాడ రాలేనివారు దగ్గర్లోని ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపవచ్చా అని ముందే అడిగి పెట్టుకోవాలి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించుకునేవారు తిరిగి వెళ్లేముందు డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో తీసుకుని, అక్కడ ఏ డాక్టర్‌కు చూపించుకోవాలో తేల్చుకుని వెళ్లాలి. రోజుకొకసారి గుర్తొచ్చేలా, ఏటా చెకప్‌ను రంజాన్‌కు ముందు నెలతో ముడిపెట్టుకుంటే మర్చిపోరు, రోజా గురించి కూడా అప్పుడే అడగవచ్చు.

ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాల్సిన లక్షణాలు: మొదటి వారాల్లో జ్వరం, గుండె నిమిషానికి 120కి మించి కొట్టుకోవడం, కడుపు లేదా ఎడమ భుజం నొప్పి, ఒక కాలి పిక్క వాపు, ఆయాసం. ఆ తర్వాత ఎప్పుడైనా సరే, నల్లటి విరేచనం, ఆగని వాంతులు, చూపు రెండుగా కనిపించడం, తూలడం, తికమక. బైపాస్ అయి ఏళ్లు గడిచినా ఉన్నట్టుండి మెలిపెట్టే కడుపునొప్పి వస్తే పేగు ఇరుక్కుని ఉండవచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టవద్దు.

చివరిగా, పది నిమిషాల్లో అయ్యే పని ఒకటుంది. చిన్న కార్డు మీద ఈ నాలుగు వాక్యాలు రాసి, ఒకటి జేబులో, ఇంకొకటి ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టండి. ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.

“నాకు ఫలానా తేదీన బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది, పేరు స్లీవ్ లేదా బైపాస్. వాంతులతో వస్తే గ్లూకోజు పెట్టే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. నా సర్జన్ ఫోన్ నంబరు ఇది.”